43 ఆర్టికల్స్ రాశాను, జనం రావట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బ్రాడీపేట_పచ్చళ్లు (జనవరి 18, రాత్రి 9:52)

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా అత్తయ్య, నేను కలిసి ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. గోంగూర, పండుమిర్చి, ఉసిరి, వేసవిలో ఆవకాయ, మాగాయ. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం మీదే నడిచింది. నిరుడు జూన్‌లో మా తమ్ముడు ఒక సైటు చేసిపెట్టి, "ఆర్టికల్స్ రాయి అక్కా, గూగుల్ నుంచి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్నాడు. పిల్లలు పడుకున్నాక కూర్చుని రాశాను. ఏడు నెలల్లో 43. జుట్టు రాలకుండా చిట్కాలు, షుగర్ ఉన్నవాళ్లు ఏం తినాలి, బరువు తగ్గడానికి పది మార్గాలు, సంక్రాంతి విశిష్టత... ఏదీ వదల్లేదు. ఒక్కోటీ వెయ్యి పదాలకు తగ్గకుండా చూసుకున్నాను. వెయ్యి దాటితేనే గూగుల్ పైకి తెస్తుందని ఓ వీడియోలో చెప్పారు మరి.

సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో మూడు నెలల లెక్క ఇది. ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో కనబడింది, 9,400 సార్లు. క్లిక్కులు 212. సగటు స్థానం 38. ఆ 212లో ఓ ఇరవై మా తమ్ముడివే అయ్యుంటాయి. ఆర్డర్లు రెండు. అందులో ఒకటి మా ఆడపడుచు.

రాయడం మానేసి ఆ టైములో ఇంకో రెండు కేజీలు ఉసిరికాయలు కోసుకోవడం మేలేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_లేత్ (జనవరి 18, రాత్రి 10:15)

చెల్లెమ్మా, నీకు టైమే పోయింది. నాకు డబ్బు కూడా పోయింది. నా కథ తర్వాత చెబుతాను, ముందు నీ సంగతి తేలనీ.

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 18, రాత్రి 10:40)

అక్కా, ఏడు నెలలకు ఈ లెక్క మరీ దారుణమేమీ కాదు. మొన్న నా దగ్గరికి వచ్చినాయనకి ఐదు నెలల్లో ఇంప్రెషన్లు సున్నా. తీరా చూస్తే వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో "సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును చూడొద్దు" అనే గడిలో టిక్కు ఉంది. సైటు కట్టేటప్పుడు పెట్టి, తీయడం మర్చిపోయారు. ఐదు నెలలు తలుపుకి తాళం వేసుకుని లోపల అంగడి నడిపాడు పాపం. మీకు 9,400 కనిపిస్తున్నాయంటే ఆ గొడవ లేదు.

సగటు స్థానం 38 అన్న అంకెను పట్టించుకోకండి. 43 పేజీలను కలిపేసి తీసిన సగటు అది, దాంట్లోంచి ఏమీ తెలియదు. పర్ఫార్మెన్స్ రిపోర్టులో "పేజీలు" ట్యాబు నొక్కి, క్లిక్కులను బట్టి పైనుంచి కిందికి పెట్టండి. మొదటి మూడింటి లెక్కలు ఇక్కడ రాయండి. తర్వాత మొదటి పేజీ మీద నొక్కి "క్వెరీలు" ట్యాబుకి వెళ్లండి. జనం ఏం కొట్టి వచ్చారో మాటకు మాట ఉంటుంది. మార్చకుండా అలాగే రాయండి.

అమరావతి_రోడ్డు (జనవరి 18, రాత్రి 11:20)

ఈ రోజుల్లో చేత్తో రాసేదెవరండీ? నేను ఏఐతో రోజుకి 50 ఆర్టికల్స్ వేస్తున్నా. ఆరోగ్యం, జాతకాలు, సినిమా, ఉద్యోగాలు, అన్నీ. నంబర్స్ గేమ్ ఇది. వెయ్యి వేస్తే పది తగులుతాయి.

డీటీపీ_బాబాయ్ (జనవరి 19, ఉదయం 6:05)

అమరావతి రోడ్డు నాయనా, 2010 ప్రాంతంలోనూ ఇదే పాట విన్నాను. అప్పుడు ఏఐ లేదు, ఆర్టికల్‌కి ఇంతని కూలికి రాయించేవాళ్లు. మాటలు అటూ ఇటూ తిప్పి ఒకే సరుకుని వంద పేజీలు చేసేవాళ్లు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అని ఒక మార్పు తెచ్చింది, పలచటి సరుకున్న సైట్లు రాలిపోయాయి. మరుసటి ఏడాది పెంగ్విన్ వచ్చింది, లింకులు కొనుక్కున్నవాళ్లు పోయారు. 2024 మార్చిలో, ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు పోసేవాళ్ల మీద నేరుగా నిబంధనే పెట్టారు. మనిషి రాశాడా మిషను రాసిందా అన్నది కాదు అందులో పాయింటు, చదివేవాడికి పనికొచ్చేది ఏమన్నా ఉందా అని.

నేను గవర్నర్‌పేటలో పాతికేళ్లు డీటీపీ చేశాను. పుస్తకాలు, పంచాంగాలు, పెళ్లిపత్రికలు. 2007లో బ్లాగు మొదలుపెట్టాను. అప్పట్లో లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైపు చేసి బ్లాగులో వేస్తే, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో కనబడేది, అక్కడి నుంచి జనం వచ్చేవాళ్లు. ఎస్ఈఓ, అంటే గూగుల్‌లో పైకి తెచ్చే పని, అన్న మాటే తెలీదు మాకు. రాసేవాళ్లమూ చదివేవాళ్లమూ మేమే అనుకోండి, అది వేరే సంగతి.

అమ్మాయ్, నీ లిస్టు చూస్తే నాకు తెలిసింది ఒక్కటే. జుట్టు రాలడం గురించి నువ్వెందుకు రాయాలి? డాక్టరువా? అదే విషయం మీద పెద్ద పెద్ద ఆసుపత్రుల సైట్లూ పేపర్ల సైట్లూ ఉన్నాయి. డబ్బుకీ ఆరోగ్యానికీ సంబంధించిన విషయాల్లో గూగుల్ మరీ జాగ్రత్తగా ఉంటుంది, ఊరూ పేరూ లేని సైటుని ముందు పెట్టదు.

బ్రాడీపేట_పచ్చళ్లు (జనవరి 19, మధ్యాహ్నం 2:30)

ఇదుగోండి, తీశాను. తీసి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

మొదటి పేజీ: "పచ్చడికి బూజు ఎందుకు పడుతుంది". క్లిక్కులు 160. ఇంప్రెషన్లు 2,100. స్థానం 6.
రెండోది: సంక్రాంతి విశిష్టత. క్లిక్కులు 19.
మూడోది: బరువు తగ్గడం. 7.
మిగతా నలభైకీ కలిపి 26.

ఆ బూజు ఆర్టికల్ నేను ఆర్టికల్ అనుకుని రాసింది కాదు. ఓ కస్టమరు ఫోన్ చేసి "మీ గోంగూర మీద తెల్లగా వచ్చింది" అని గొడవ పెట్టుకుంటే, కోపంలో ఓ అరగంటలో కొట్టేశాను. మూడొందల పదాలు కూడా ఉండవు. తడి గరిటె పెడితే వస్తుంది, నూనె పైకి తేలకపోతే వస్తుంది, జాడీ కడిగి ఎండలో పెట్టకుండానే నింపితే వస్తుంది, ఉప్పు తగ్గిస్తే వస్తుంది అని అంతే.

జనం కొట్టిన మాటలు: "గోంగూర పచ్చడి బూజు", "పచ్చడి మీద తెల్లగా వస్తే తినొచ్చా", "ఆవకాయ బూజు పడితే ఏం చేయాలి", "గోంగూర పచ్చడి నల్లబడింది", "ఊరగాయ పాడవకుండా". ఇంకా చాలా ఉన్నాయి.

నల్లబడటం గురించి నేను అసలు రాయనే లేదు!

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 19, మధ్యాహ్నం 3:10)

అక్కా, మీకు కావాల్సింది ఆ చివరి లైనులోనే ఉంది. మీరు రాయని ప్రశ్నకి కూడా గూగుల్ మీ పేజీని చూపిస్తోందంటే, తెలుగులో దానికి సరిగ్గా జవాబిచ్చే పేజీ దొరక్క దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి పెడుతోందన్నమాట. ఆ ప్రశ్నకి విడిగా ఒక పేజీ రాయండి. బూజు పేజీలోంచి దానికి లింకు, దాంట్లోంచి బూజు పేజీకి లింకు.

వెయ్యి పదాల సంగతి: గూగుల్ అలాంటి లెక్కేదీ పెట్టలేదని వాళ్లే చెబుతుంటారు. మీ మూడొందల పదాలే సాక్ష్యం. పచ్చడి నల్లబడి కంగారులో ఉన్నావిడకి "గోంగూర ఆంధ్రుల సంస్కృతిలో విడదీయరాని భాగం" అని మొదలుపెడితే రెండో లైను చదవదు. మొదటి పేరాలోనే కారణం చెప్పండి.

టైటిల్ అంటారా, ఆమె అడిగిన మాటే టైటిల్. "గోంగూర పచ్చడి నల్లబడిందా? కారణం ఇదీ". కీవర్డ్స్ అని విడిగా ఓ పెట్టెలో ఇరవై మాటలు నింపుతున్నారేమో, అవసరం లేదు. ఆ మెటా కీవర్డ్స్‌ని ర్యాంకులకు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. అయినా మన దగ్గర ఇంకా దానికి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు.

అవునూ, ఎందుకు నల్లబడుతుంది? మా ఇంట్లోనూ అవుతోంది.

బ్రాడీపేట_పచ్చళ్లు (జనవరి 19, మధ్యాహ్నం 3:25)

ఇనుప మూకుడులో వేయించి అందులోనే వదిలేస్తున్నారా? గోంగూర పులుపు ఇనుముని పట్టుకుంటుంది, రంగు మారిపోతుంది. మా అత్తయ్య వేయించగానే జాడీలోకో స్టీలు గిన్నెలోకో తీసేస్తుంది. ఎర్ర కాడ గోంగూరకి పులుపెక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

డీటీపీ_బాబాయ్ (జనవరి 19, మధ్యాహ్నం 3:31)

ఇప్పుడు రాసిన ఆ నాలుగు లైన్లూ మార్చకుండా సైటులో పెట్టు తల్లీ. జుట్టు ఆర్టికల్‌లో నువ్వు రాసిన వెయ్యి పదాల్లో ఇంత సరుకు లేదు.

యార్డ్_గుమస్తా (జనవరి 19, రాత్రి 8:45)

ఇప్పుడే యార్డు నుంచి వచ్చాను, ముక్కులు మండిపోతున్నాయి, తప్పులుంటే మన్నించాలి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టులో గుమస్తాని. మూడేళ్లుగా మిర్చి రేట్ల పేజీ నడుపుతున్నాను. చదువు ఇంటరే. కాబట్టి నేను చెప్పేది నాకు జరిగింది మాత్రమే.

మొదట్లో పేజీ పేరు "గుంటూరు వ్యవసాయ మార్కెట్ కమిటీ మిరప ధరల సమాచారం" అని పెట్టాను. రాసి చూసుకుంటే ఎంతో హుందాగా అనిపించింది. ఆరు నెలలు ఎవరూ రాలేదు. ఓ రోజు కొట్టులో కూర్చున్నప్పుడు వినుకొండ వైపు రైతు ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన అడిగింది ఐదే మాటలు. "ఇవాళ తేజ ఎంత పోయింది బాబూ?" తేజ అంటే ఓ మిర్చి రకం. ఫోన్ పెట్టేశాక తట్టింది. నా పేజీలో "ఇవాళ" లేదు, "తేజ" లేదు, "రేటు" అన్న మాట కూడా లేదు. ధర అని రాశాను. మిరప అని రాశాను. యార్డులో ఏ రైతూ మిరప అనడు, మిర్చి అంటాడు.

ఆ రాత్రే టైటిల్ మార్చాను. "ఇవాళ గుంటూరు మిర్చి రేటు: తేజ, 334, 341, బ్యాడిగి, ఆర్మూరు, తాలు". ఇంకేమీ చేయలేదు. రెండు నెలల్లో కదలిక వచ్చింది.

రెండో తప్పు ఏంటంటే, రోజుకో కొత్త పేజీ చేసేవాణ్ని. సీజన్ అయ్యేసరికి రెండొందల పేజీలు. గూగుల్ ఏది చూపించాలో తెలియక పోయిన వారం పేజీ చూపించేది. రైతు వచ్చి పాత రేటు చూసి, కొట్టుకొచ్చి నన్ను నిలదీసేవాడు. ఇప్పుడు ఒకటే పేజీ, ఒకటే అడ్రసు. పైన ఇవాళ్టి రేటు, ఎన్ని టిక్కీలు (బస్తాలు) దిగాయి, కింద పాత రోజుల పట్టిక. పొద్దున కాటాలయ్యాక మారుస్తాను.

మూడోది చిన్నదే కానీ నాకు బాగా పనికొచ్చింది. యార్డుకి శని, ఆదివారాలు సెలవు. కానీ శనివారం కూడా జనం వెతుకుతారు. "ఇవాళ సెలవు, శుక్రవారం తేజ రేటు ఇదీ, మళ్లీ సోమవారం తెరుస్తారు" అని పెట్టడం మొదలుపెట్టాను. మిగతా సైట్లు సెలవు రోజు ఊరుకునేవి, కాబట్టి శనివారం వచ్చినవాళ్లంతా నాకే. వేసవిలో యార్డు మూసినప్పుడు కూడా "ఎప్పుడు తెరుస్తారు" అని అడిగేవాళ్లే ఎక్కువ.

కృష్ణలంక_టీచరమ్మ (జనవరి 19, రాత్రి 9:30)

గుమస్తా గారు చెప్పిన "మిరప–మిర్చి" తేడా నాకూ తగిలింది. పదో తరగతి పిల్లలకి లెక్కలు, సైన్సు రాస్తుంటాను. పుస్తకంలో ఉన్న మాట వేరు, పిల్లలు వెతికే మాట వేరు. "కిరణజన్య సంయోగక్రియ" అని తెలుగు మీడియం పిల్లలే కొడతారు. మిగతావాళ్లు ఇంగ్లీషు పేరు కొట్టి పక్కన "తెలుగులో" అని తగిలిస్తారు. అందుకని రెండు పేర్లూ మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చేలా చూసుకుంటాను. ఇరవైసార్లు రుద్దక్కర్లేదు, ఒక్కసారి సహజంగా వస్తే చాలు.

ఇంకో విషయం సీజన్. నా పేజీలకి ఫిబ్రవరి, మార్చిల్లో జాతర, మేలో నిర్మానుష్యం. మొదటి ఏడాది మార్చిలో రాసి మార్చిలోనే జనం రావాలనుకున్నాను. గూగుల్ ఆ పేజీని చూసి, దాచుకుని, పైకి తెచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. ఇప్పుడు నవంబరులోనే రాసి పెడుతున్నాను. పచ్చళ్ల అమ్మాయి గారూ, మామిడికాయ మార్కెట్టులోకి వచ్చాక ఆవకాయ గురించి రాయకండి. ఇప్పుడే రాయండి. గూగుల్ ట్రెండ్స్‌లో "ఆవకాయ" అని కొట్టి చూడండి, ఏ నెలలో లేస్తుందో గీత కనిపిస్తుంది.

ఒక సందేహం. మనవాళ్లు చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు కదా, దానికేం చేయాలి?

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 19, రాత్రి 10:05)

టీచర్ గారూ, అందరం తల పట్టుకునేది అక్కడే. గోంగూరని ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు, పచ్చడికి "చ్చ" కోసం ఒకరు ఒక సి పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు. అన్నిటినీ పేజీలో గుమ్మరిస్తే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, స్పామ్ లాగానూ కనిపిస్తుంది. పేజీ అంతా తెలుగులోనే ఉంచి, అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడం నా పద్ధతి. వంటకం పేరు ఫొటో ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వచ్చినా మంచిదే. చాలామంది ఫైలుకి వాట్సాప్ ఇచ్చిన పేరే వదిలేస్తారు.

అడ్రసు తెలుగులో పెట్టినా గూగుల్‌కి ఇబ్బంది లేదు. ఇబ్బంది మనకే. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు, అడ్రసులోకి వెళ్లేసరికి ఒక్కోటీ తొమ్మిది గుర్తులవుతుంది. మధ్యలో చిన్న గీతతో "గోంగూర-పచ్చడి" అని పెట్టి కాపీ చేసి వాట్సాప్‌లో పంపండి, 109 గుర్తుల శాతాల దండ వస్తుంది. అవతలివాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. మా అమ్మే నొక్కలేదు.

డీటీపీ_బాబాయ్ (జనవరి 20, ఉదయం 5:50)

అక్షరాల మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. పోయినేడాది ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు ఉన్న మిత్రుడు వచ్చాడు. సైటులో వందకు పైగా వ్యాసాలు పెట్టించాడట, గూగుల్‌లో ఒక్కటీ దొరకట్లేదట. కంప్యూటర్ తెరిచి చూపించాడు, తెలుగు చక్కగా కనబడుతోంది. ఓ పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేశాను. ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, యాక్సెంట్లూ కలిసిన పిచ్చి గీతలు. విషయం ఏంటంటే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో కొట్టిన పాత ఫైళ్లని అలాగే తెచ్చి పోసి, పైన ఫాంటు తొడిగారు. కంటికి తెలుగు, లోపల గుర్తులు. గూగుల్ ఫాంటుని చదవదు, లోపలున్నదే చదువుతుంది.

అన్నీ యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదివే పద్ధతిలోకి, మార్చాం. కన్వర్టర్లున్నాయి కానీ వత్తుల దగ్గర, "క్ష" దగ్గర తేడా చేస్తాయి. మొత్తం కూర్చుని దిద్దాను. నా చేత్తో నేనే ఇరవై ఏళ్ల కింద కొట్టిన పుస్తకాలు కొన్ని అందులో ఉన్నాయి, నా పాత అచ్చుతప్పులు నాకే దొరికాయి. ఆ సంగతి మిత్రుడికి చెప్పలేదు.

బొమ్మల్లో తెలుగు పెట్టేవాళ్లకీ ఇదే మాట. రంగురంగుల పోస్టరు చేసి అందులోనే సమాచారమంతా రాసి, పేజీలో విడిగా అక్షరం కూడా లేకుండా వదిలేస్తారు. ధర, అడ్రసు, ఫోన్ నంబరు, అన్నీ బొమ్మలోనే. అక్షరాలు అక్షరాలుగా ఉండాలి.

ఆటోనగర్_లేత్ (జనవరి 20, రాత్రి 8:20)

ఇక నా కథ. ఆటోనగర్‌లో లేత్ షాపు నాది. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, బోర్ పని. నిరుడు ఒక కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు, ఏదో ఏజెన్సీ అన్నాడు. "సార్, 90 రోజుల్లో గూగుల్ మొదటి పేజీ, గ్యారంటీ, పద్దెనిమిది వేలు". ఇచ్చాను. నెల తర్వాత ఓ రిపోర్టు పంపాడు, రంగు రంగుల గీతలు, అన్నీ పైకే. షాపుకి మాత్రం ఒక్క బండీ రాలేదు. అడిగితే "మీ షాపు పేరు కొట్టి చూడండి సార్, మొదటే వస్తోంది" అన్నాడు. నా షాపు పేరు తెలిసినవాడికి గూగుల్ ఎందుకయ్యా, నేరుగా వస్తాడు కదా!

ఇంకా ఘోరం, గూగుల్ మ్యాప్‌లో పాతిక రివ్యూలు పెట్టించాడు. అందులో ఒకరు "ఫుడ్ చాలా బాగుంది" అని రాశారు. లేత్ షాపులో. నెల తిరిగేసరికి ఆ రివ్యూలన్నీ మాయం. వాటితో పాటు నిజం కస్టమర్లు రాసినవి రెండు కూడా పోయాయి.

మొన్న మా పెద్దాడు ఇంటికొచ్చినప్పుడు మ్యాప్ తెరిచి చూస్తే తెలిసింది. నా పిన్ను ఆటోనగర్‌లోనే ఉంది కానీ రెండు వీధులవతల టైర్ల షాపు మీద ఉంది. కేటగిరీ "కార్ వాష్". ఫోన్ నంబరు నేను మూడేళ్ల కింద వదిలేసిన సిమ్ముది.

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 20, రాత్రి 8:55)

అన్నా, మొదటి స్థానం గ్యారంటీగా ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సైటులోనే రాసి పెట్టింది. ఆ మాట అన్నవాడిని గుమ్మంలోంచే పంపేయాలి.

మీకు ఆర్టికల్స్‌తో పెద్దగా పని లేదు. లారీ హైవే మీద ఆగిపోయినవాడు వ్యాసం చదవడు, "నా దగ్గర్లో లేత్ వర్క్" అని ఫోనుకి చెబుతాడు. అక్కడ గూగుల్ ముఖ్యంగా చూసేవి మూడు: అడిగినదానికి మీ పని సరిపోతుందా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు కానీ పిన్ను తప్పుంటే దూరమే తప్పు. ముందు పిన్ను, కేటగిరీ, నంబరు సరిచేయండి. మ్యాప్‌లో మీ షాపు ప్రొఫైల్ మీ పేరు మీదే ఉందో, ఆ ఏజెన్సీవాడి మెయిలు మీద ఉందో కూడా చూసుకోండి. చాలా చోట్ల తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది.

రివ్యూలకి డబ్బు గానీ తగ్గింపు గానీ ఇవ్వకూడదు. బండి తీసుకెళ్లేటప్పుడు "నాలుగు మాటలు రాయండి" అని అడిగితే తప్పు లేదు. ఏ పని చేయించుకున్నారో వాళ్ల మాటల్లో రాస్తే ఇంకా మంచిది.

ఆటోనగర్_లేత్ (జనవరి 20, రాత్రి 9:02)

ఏజెన్సీవాడి మెయిలు మీదే ఉంది తమ్ముడూ. ఇప్పుడే చూశాను. నంబరు స్విచ్ ఆఫ్.

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 20, రాత్రి 9:06)

కంగారు పడకండి. ప్రొఫైల్ యాజమాన్యం కావాలని గూగుల్‌కే రిక్వెస్ట్ పెట్టొచ్చు. రేపు సాయంత్రం నేనే వస్తాను, పది నిమిషాల పని. టీ ఇప్పించండి చాలు.

బ్రాడీపేట_పచ్చళ్లు (జనవరి 21, మధ్యాహ్నం 1:40)

నాదొక ప్రశ్న మిగిలింది. ఆ నలభై ఆర్టికల్స్ ఏం చేయను? తీసేయాలంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు. ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని రాశానో.

బెంజిసర్కిల్_ఎస్ఈఓ (జనవరి 21, మధ్యాహ్నం 2:15)

నేనైతే తీసేస్తాను. షుగర్, బరువు, జుట్టు, ఈ మూడు వరుసలూ మొత్తం. 2022 ఆగస్టులో గూగుల్ తెచ్చిన మార్పు పేజీని ఒక్కటే కాకుండా సైటు మొత్తాన్ని చూసి అంచనా వేసేది. 2024 మార్చిలో దాన్ని ప్రధాన పద్ధతిలోనే కలిపేశారు. పనికిరాని పేజీలు ఎక్కువుంటే పనికొచ్చేవి కూడా వెనకబడొచ్చు.

డీటీపీ_బాబాయ్ (జనవరి 21, మధ్యాహ్నం 3:00)

అన్నీ తీసెయ్యడానికి నేను ఒప్పుకోను. సంక్రాంతిది ఉంచు, అది బాగుంది, ముగ్గుల గురించి మీ అమ్మమ్మ మాట ఒకటి ఉంది దాంట్లో. షుగర్ గురించి రాసింది మాత్రం తీసెయ్. ర్యాంకుల కోసం చెప్పట్లేదు. ఎవరైనా నమ్మి మందు మానేస్తే?

బ్రాడీపేట_పచ్చళ్లు (జనవరి 21, మధ్యాహ్నం 3:08)

ఆ మాట నాకు తట్టలేదు బాబాయ్ గారూ. ఇవాళే తీసేస్తున్నాను.

కృష్ణలంక_టీచరమ్మ (జనవరి 21, రాత్రి 9:10)

యాడ్స్ డబ్బుల మీద ఎవరూ మాట్లాడలేదు, నేనే చెబుతాను. 2018 నుంచి తెలుగు సైట్లకీ యాడ్‌సెన్స్ ఉంది, అంటే సైటులో గూగుల్ ప్రకటనలు వేసి మనకు డబ్బిచ్చేది. నాకు పరీక్షల నెలల్లో ఇంటర్నెట్ బిల్లు, ఓ రెండు పుస్తకాలు వస్తాయి. అంతకు మించి ఆశపడకండి. పైగా ఇంగ్లీషులో వెతికేవాళ్లకి ఇప్పుడు గూగుల్ పైనే ఏఐ సారాంశం ఇచ్చేస్తోంది, కిందికి దిగి క్లిక్ చేసేదాకా రావట్లేదు. పచ్చళ్లమ్మాయి గారికి ఒక్క అరకేజీ ఆర్డరు వస్తే నా మామూలు నెల యాడ్స్ కంటే ఎక్కువ. సైటులో యాడ్స్ పెట్టి ఆ గోంగూర ఫొటో పక్కన ఎవరిదో మసాలా ప్రకటన రానివ్వకండి.

అమరావతి_రోడ్డు (ఫిబ్రవరి 9, రాత్రి 12:35)

అందరూ నన్ను మర్చిపోయారనుకుంటా. ఒక డౌటు. నా సైటులో 1,300 పేజీలున్నాయి. నిన్నటిదాకా రోజుకి మూడొందల క్లిక్కులు, ఇవాళ నాలుగు. సర్వర్ ప్రాబ్లం అయ్యుంటుందా?

డీటీపీ_బాబాయ్ (ఫిబ్రవరి 9, ఉదయం 5:45)

అయ్యుండదు నాయనా. సెర్చ్ కన్సోల్‌లో "మాన్యువల్ యాక్షన్స్" అని ఉంటుంది, గూగుల్ వాళ్లు సైటుకి శిక్ష వేస్తే అక్కడ కనబడుతుంది, అది తెరిచి చూడు. తర్వాత విజయవాడ వస్తే కలువు, గవర్నర్‌పేటలో టిఫిను పెట్టిస్తాను. నీది ఏ ఊరు, మీ నాన్నగారు ఏం చేస్తారు, నీకు బాగా తెలిసిన పని ఏది, ఇవి చెప్పు. వాటిలో ఏదో ఒకటి రాయొచ్చు.

అమరావతి_రోడ్డు (ఫిబ్రవరి 9, ఉదయం 10:20)

చూశాను. నోటీసు ఉంది. మా నాన్న పసుపు పండిస్తారు, దుగ్గిరాల పక్కన. దాని గురించి ఎవరు చదువుతారండీ?

యార్డ్_గుమస్తా (ఫిబ్రవరి 9, ఉదయం 10:31)

నేను చదువుతాను. దుగ్గిరాల పసుపు రేటు అడుగుతూ నా పేజీకి రోజూ జనం వస్తున్నారు, నా దగ్గర జవాబు లేదు. పసుపు ఉడకబెట్టడం, పాలిష్ పట్టడం, కొమ్ముకీ కాయకీ తేడా, ఇవన్నీ నీకు ఇంట్లోనే ఉన్నాయి కదా. నువ్వు రాస్తే నా పేజీలోంచి లింకు ఇస్తాను. డబ్బులక్కర్లేదు.

బ్రాడీపేట_పచ్చళ్లు (మార్చి 14, రాత్రి 10:10)

ఎలా ఉందో చెబుదామని వచ్చాను. 43లో 29 తీసేశాను. కొత్తవి తొమ్మిదే రాశాను. గోంగూర నల్లబడటం, పండుమిర్చి పచ్చడిలో చింతపండు ఎప్పుడు వేయాలి, ఆవకాయకి ఏ కారం వాడితే ఎర్రగా ఉంటుంది, అమెరికాకి పంపేటప్పుడు నూనె కారకుండా ఎలా కడతాం, ఇలాంటివి. అత్తయ్య చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసి, తర్వాత రాసుకుంటున్నాను. ఆవిడ "గుప్పెడు" అంటే నేను తూకం వేసి గ్రాములు రాస్తున్నాను. గుప్పెడు ప్రతిసారీ ఒకేలా రావట్లేదని ఆవిడకి కోపం.

క్లిక్కులు నెలకి ఏడొందలు దాటాయి. పేజీలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఆర్డర్లు మరీ బ్రహ్మాండం కాదు, ఈ నెల పదకొండు. ప్యాకింగ్ పేజీ చూసి డల్లాస్ నుంచి ఒకావిడ ఆరు కేజీలు చెప్పింది.

మొన్న చిలకలూరిపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఆర్డరు కాదు. ఆవిడే పెట్టుకున్న ఉసిరి పచ్చడి మీద నూనె తేలట్లేదట, మన పేజీ చదివి నంబరు చూసి చేసింది. అత్తయ్య ఫోను లాక్కుని ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడింది. నువ్వులనూనె కాచి చల్లార్చి పోయమంది, మూడో రోజు తిరగ కలపమంది, ఇంకా ఏవేవో. ఆ తర్వాత నుంచి ఫోన్ మోగితే నాకంటే ముందు ఆవిడే ఎత్తుతోంది.

డీటీపీ_బాబాయ్ (మార్చి 15, ఉదయం 5:40)

ఆ ఇరవై ఐదు నిమిషాలూ రికార్డు చేశావా?

బ్రాడీపేట_పచ్చళ్లు (మార్చి 15, ఉదయం 7:15)

లేదు బాబాయ్ గారూ. ఫోన్ ఆవిడ దగ్గరే ఉంది కదా.